పట్టుబట్ట మీద గుర్రాలు, పిల్లల పుస్తకంలో పాత కుంచె

చైనాలో తాంగ్ వంశపు రాజుల కాలం నాటి వింత కథల సంపుటి ఒకదానిలో కుంటి గుర్రం ముచ్చట ఉంది. ఎవరో ఒకాయన కాలు నొప్పితో కుంటుతున్న గుర్రాన్ని పశువుల వైద్యుడి దగ్గరికి తోలుకొస్తాడు. చూడగానే వైద్యుడికి అనుమానం వస్తుంది. ఆ రంగు, ఆ ఒడ్డూ పొడుగూ అచ్చం హాన్ గాన్ అనే చిత్రకారుడు వేసే గుర్రాల్లాగే ఉన్నాయి. దాన్ని తిప్పుతుంటే దారిలో ఆ హాన్ గానే ఎదురవుతాడు. నివ్వెరపోయి, ఇంటికెళ్లి తను వేసిన బొమ్మ తీసి చూసుకుంటాడు. గుర్రం కాలి దగ్గర ఒక నల్ల చుక్క వేయడం మర్చిపోయాడు. కుంటికి కారణం అదీ. వైద్యుడికి ముట్టిన డబ్బులు కూడా నాలుగు చేతులు మారేసరికి మట్టిబిళ్లలైపోయాయట.

ఎనిమిదో శతాబ్దానికి చెందిన ఈ హాన్ గాన్, 2004లో ప్యారిస్‌లో వచ్చిన ఒక పిల్లల పుస్తకంలో కథానాయకుడయ్యాడు. ‘హాన్ గాన్ మాయ గుర్రం’ అని తెలుగులో చెప్పుకోదగ్గ ఆ ఫ్రెంచి పుస్తకానికి కథా, బొమ్మలూ రెండూ చెన్ జియాంగ్‌హాంగ్‌వే. 1963లో తియాన్‌జిన్‌లో పుట్టి, బీజింగ్‌లో చిత్రకళ చదువుకుని, 1987 నుంచి ప్యారిస్‌లో ఉంటున్న చిత్రకారుడాయన. ఒకవైపు గ్యాలరీల కోసం పెద్ద పెద్ద చిత్రాలు వేస్తూనే, ఎకోల్ దె లొయిజీర్ అనే ప్రచురణ సంస్థకి ఏళ్ల తరబడి పిల్లల కథలు చేస్తున్నారు. మాయ గుర్రం జర్మన్‌లోకి వెళ్లి, 2005లో ఆ దేశపు యువ సాహిత్య బహుమతిని బొమ్మల పుస్తకాల విభాగంలో అందుకుంది.

సంప్రదాయ చైనా చిత్రకళనీ పిల్లల పుస్తకాన్నీ ఆయన కలిపారు అనేయడం తేలిక. ఎలా కలిపారన్న దగ్గరే చిక్కంతా. ఒక వెదురు పొద, పొగమంచులో ఒక కొండ, మూలన ఒక ఎర్ర ముద్ర పెట్టేస్తే చైనా వాసన వచ్చేస్తుంది. అలాంటి పుస్తకాలకి బజారులో కొదవ లేదు. చెన్ పుస్తకాలు గట్టిగా నిలబడ్డ చోటల్లా పాత పద్ధతి కథలో ఏదో ఒక పని చేస్తూ కనబడుతుంది. ఆ పని లేని చోట బొమ్మ ఎంత బాగున్నా అది వాల్‌పేపరే. ఆయన పుస్తకాల్లో రెండు రకాలూ ఉన్నాయి.

నిజానికి ఈ రెండు కళలకీ అంత తొందరగా పొసగదు. చైనాలో పండిత వర్గపు చిత్రకారుడు తన బొమ్మ చూసేవాడు బాగా చదువుకున్నవాడని ముందే అనుకుంటాడు. అందుకే సగం కాగితం ఖాళీగా వదిలేస్తాడు. కొండకీ కొండకీ మధ్య ఆ తెలుపు మేఘమో, నీళ్లో, ఉత్త దూరమో చూసేవాడే పూరించుకోవాలి. సిరా ఒక్కదాన్నే సరిగ్గా నడిపితే ఐదు రంగులూ అందులోనే ఉంటాయని తొమ్మిదో శతాబ్దంలో జాంగ్ యెన్‌యువాన్ అనే కళా చరిత్రకారుడు రాశాడు. ఆ మాట నాలుగేళ్ల పిల్లకి చెప్పి చూడండి. ఆ పిల్లకి పులి ఎక్కడుందో తెలియాలి, ఎవరు ఏడుస్తున్నారో తెలియాలి, ఆ తర్వాత ఏమైందో వెంటనే తెలియాలి.

అంతకన్నా మొండి చిక్కు ఇంకొకటుంది. బొమ్మల పుస్తకంలో ఒకే మనిషి ముప్పై పేజీల్లో ముప్పై రకాలుగా కనబడాలి. పరుగెత్తాలి, పడుకోవాలి, భయపడాలి, వెనక్కి తిరగాలి. అయినా ప్రతిచోటా వాడే వీడని పిల్లలు గుర్తుపట్టాలి. ప్రకృతి దృశ్యాలు వేసే చైనా చిత్రకారుడికి ఆ అవసరమే రాలేదు. ఆయన బొమ్మలో మనిషి బొటనవేలంత ఉంటాడు, కొండ కింద వంతెన దాటుతుంటాడు, మొహం రెండు చుక్కలు. కోపం, దిగులు, అసూయ ఇవన్నీ కొండకీ చెట్టుకీ అప్పగించేసి ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం పాత కళ పిల్లల పుస్తకానికి దగ్గర చుట్టం. అడ్డంగా చుట్టి పెట్టుకునే పొడవాటి చిత్రపటాన్ని గోడకి తగిలించరు. బల్ల మీద పెట్టి కుడి నుంచి ఎడమకి మూరెడు మూరెడు విప్పుతూ, చూసింది చుడుతూ పోతారు. మన చేర్యాల పటాన్ని కథకుడు ఒక్కో ఘట్టం విప్పుతూ చెప్పినట్టే, ఇక్కడా తర్వాతి బొమ్మ దాగి ఉంటుంది. పేజీ తిప్పడంలోని ఉత్కంఠ ఆ విప్పడంలోనే ఉంది. చెన్ ఈ లక్షణాన్ని బాగా పట్టుకున్నారు. ఆయన పుస్తకాల్లో రెండు పేజీలూ నిండిన విశాలమైన దృశ్యం ఒకటి వస్తుంది, తర్వాత సన్నటి గళ్లుగా విడిపోయిన పేజీ, మళ్లీ విశాలం. ముడిచి విప్పే ఆ లయ పాత పటానిదీ, కొత్త సినిమాదీ కూడా.

ఆయన ఏ సరుకుతో పని చేశారన్నదీ చూడాలి. చైనా చిత్రకళ అనగానే మనకి గుర్తొచ్చేది షువాన్ కాగితం. అన్‌హుయ్ రాష్ట్రంలోని జింగ్ ప్రాంతంలో, ఛింగ్‌తాన్ అనే చెట్టు బెరడూ వరిగడ్డీ కలిపి చేస్తారు. ఆ చేతిపనిని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పూత వేయని పచ్చి షువాన్ కాగితం మీద కుంచె ఆనించీ ఆనించగానే సిరా పీల్చుకుని నాలుగు పక్కలా పాకుతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అక్కడ మచ్చ. చెరపడం, దిద్దడం ఉండవు. నాలుగు వేటుల్లో రొయ్యని నిలబెట్టేవాళ్లకి ఆ కాగితం వరం. కానీ ముప్పై పేజీల పాటు ఒకే పిల్లాడి మొహాన్ని ఒకేలా వేయాల్సినవాళ్లకి అది పెద్ద టెన్షన్.

మాయ గుర్రం కోసం చెన్ కాగితాన్ని పక్కనపెట్టి పట్టుబట్ట మీద వేశారు. తాంగ్ కాలపు చిత్రకారులు విరివిగా వాడిన పద్ధతే అది. పట్టుని చట్రానికి బిగించి, జిగురూ పటికా కలిపిన నీళ్లు పూస్తారు. ఆ పూత ఆరాక సిరా పాకడం మానేస్తుంది, గీత గీసిన చోటే నిలుస్తుంది. సన్నటి కుంచెతో అంచులు గీసి, లోపల పల్చటి రంగుని పొర మీద పొరగా నింపుకుంటూ పోవచ్చు. దీన్నే గోంగ్‌బి అంటారు, అంటే తీరికగా, నేర్పుగా చేసే సన్నపు పని. పట్టు కాస్త పారదర్శకంగా ఉంటుంది కనుక వెనక వైపు నుంచి కూడా రంగు అద్దుతారు. ముందు నుంచి చూస్తే ఆ రంగు చర్మం కింద నెత్తురులా లోపలి నుంచి వచ్చినట్టుంటుంది. గుర్రం తొడ, పులి డొక్క లాంటి కండ ఉన్న వాటికి ఇంతకన్నా అనువైన దారి దొరకదు.

ఇంకో లాభం కూడా ఉంది, అది అంత తొందరగా కంటికి ఆనదు. పాత పట్టు తెల్లగా ఉండదు, తేనె రంగుకి తిరుగుతుంది. చెన్ బొమ్మల్లో గుర్రాల వెనక ఆకాశం, నేల, చెట్టూ పుట్టా వేయకుండా వదిలేసిన చోట్ల ఆ గోధుమ రంగే మిగులుతుంది. తెల్ల కాగితం మీద అలా వదిలేస్తే పిల్లల కంటికి బొమ్మ సగంలో ఆపేసినట్టుంటుంది. తేనె రంగు మీద మాత్రం అది దుమ్ములా, సాయంకాలపు గాలిలా అనిపిస్తుంది. పండితుల ఖాళీనే ఆయన అలాగే ఉంచి, పిల్లలకి అర్థమయ్యే ఖాళీగా మార్చారు. పద్ధతి కథకి పని చేయడమంటే ఇదే.

కథ విషయానికొస్తే, పేద పిల్లాడు హాన్ గాన్‌కి బొమ్మలంటే పిచ్చి. కాగితం కొనే స్తోమత లేదు. పూటకూళ్ల దుకాణంలో పనికి కుదిరి ఇళ్లకి భోజనాలు అందించి వస్తుంటాడు. ఒకరోజు నేల మీద గుర్రాన్ని గీస్తుంటే వాంగ్ వెయ్ అనే కవీ చిత్రకారుడూ చూసి, కుంచెలూ కాగితాలూ డబ్బూ ఇచ్చి చదివిస్తాడు. ఇందులో చాలావరకు చైనా పాత చిత్రకారుల చరిత్రల్లో ఉన్నదే. తర్వాత హాన్ గాన్ షువాన్‌జోంగ్ చక్రవర్తి కొలువులో చేరాడు. ఫలానా ఆస్థాన చిత్రకారుడి దగ్గర నేర్చుకోమని చక్రవర్తి చెబితే, తమరి గుర్రపుశాలలో ఉన్న గుర్రాలే నా గురువులని బదులిచ్చాడంటారు. పొగరనుకోవచ్చు, నిజాయితీ అనీ అనుకోవచ్చు.

చెన్ ఇక్కడి నుంచి సొంత దారి పట్టారు. హాన్ గాన్ గుర్రాలన్నీ కట్టేసే ఉంటాయి. ఎందుకలాగంటే, అంత ప్రాణమున్న గుర్రాలు కాగితంలోంచి దూకి పారిపోతాయని. ఈ మాట విన్న ఒక యోధుడు వచ్చి, శత్రువులు మీద పడుతున్నారు, నాకొక గుర్రాన్ని వేసి ప్రాణం పొయ్యమంటాడు. బొమ్మ గుర్రం లేచి నిలబడుతుంది. దానికి అలుపుండదు, గాయం తగలదు. యోధుడు గెలుస్తాడు, గెలిచేకొద్దీ యుద్ధపు ఆకలి పెరుగుతుంది. చివరికి ఆ నెత్తురు చూడలేక గుర్రం కన్నీళ్లు పెట్టుకుంటుంది, వాణ్ని వదిలేసి పోతుంది. వెతుక్కుంటూ వచ్చిన యోధుడికి అది హాన్ గాన్ బొమ్మలోనే, తోటి గుర్రాల మధ్య కనబడుతుంది.

కట్టేసిన గుర్రం చెన్ కల్పన కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హాన్ గాన్ పేరు మీద ఉన్న ప్రసిద్ధ చిత్రం ఒకటుంది. సుమారు 750 నాటిది. షువాన్‌జోంగ్‌కి ఇష్టమైన ‘రాత్రిని వెలిగించే తెల్లన’ అనే గుర్రం. బొమ్మ కొలతలు చూస్తే 31 సెంటీమీటర్ల ఎత్తు, 34 వెడల్పు, అంతే. మధ్యలో ఒక గుంజ, దానికి కట్టిన గుర్రం. కళ్లు తిప్పేస్తూ, ముక్కుపుటాలు ఎగరేస్తూ, జూలు నిక్కబొడుచుకుని కట్టు తెంచుకోవాలని గింజుకుంటోంది. తోక దాదాపు కనబడదు. చుట్టూ మాత్రం వెయ్యేళ్లకి పైగా చేతులు మారిన యజమానులూ, మెచ్చుకున్న పండితులూ కొట్టిన ఎర్ర ముద్రలూ, రాసిన రాతలూ. కాగితం చాలక పక్కన అతికిస్తూ పోతే పటం మొత్తం 11 మీటర్లు దాటింది. అంతమంది మెచ్చుకున్నా గుర్రం మాత్రం గుంజ దగ్గరే ఉంది. చెన్ కథ ఆ గుంజ దగ్గర మొదలవుతుంది. ఇది ఎందుకు కట్టేసి ఉందని చిన్నపిల్లలే అడుగుతారు, ముద్రలు కొట్టినవాళ్లు అడగరు. పాత బొమ్మని పిల్లల కంటితో చూడటమంటే ఇదే కదా.

హాన్ గాన్ మీద పాత నింద ఒకటుంది, ఆ వెలుగులో ఈ పుస్తకం మరింత బాగా అర్థమవుతుంది. మహాకవి దు ఫు ఒక కవితలో, హాన్ గాన్ మాంసాన్నే వేస్తాడు, ఎముకని వేయడు, మేలుజాతి గుర్రాల తేజం అతని చేతిలో వాడిపోతుందని దెప్పాడు. ఆ కవిత హాన్ గాన్ గురువు త్సావ్ బాని పొగుడుతూ రాసింది. గురువుని ఎత్తడానికి శిష్యుణ్ని దించడం ఎక్కడైనా ఉన్నదే. కానీ తర్వాతి శతాబ్దాల్లో పండితులు ఈ మాంసం, ఎముక తగువుని చాలాదూరం లాగారు. చెన్ గుర్రాలు నిస్సందేహంగా మాంసం పక్షమే. బలిసిన మెడలు, గుండ్రటి పిరుదులు, సన్నటి కాళ్లు. యుద్ధపు పేజీలకి వచ్చేసరికి గీత మారుతుంది. సన్నగా, తీరికగా సాగిన కుంచె కరకుగా, తడారిన కుంచెలా గీరుకుపోతుంది. కథలో గుర్రానికి కలిగిన జుగుప్స ఆ గీతలోకి దిగింది. దు ఫు అడిగిన ఎముక అక్కడ కనిపిస్తుంది.

చెన్ మొదటివారని అనుకోనక్కర్లేదు. కుంచెతో పిల్లల లోకాన్ని వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఫెంగ్ జికాయ్‌ని (1898–1975). జపాన్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చి, 1925లో షాంఘై పత్రికలో చిన్న చిన్న కుంచె బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఒక బొమ్మలో కూతురు తన బూట్లు విప్పి స్టూలు కాళ్లకి తొడుగుతుంది. పిల్లకి రెండు కాళ్లు, స్టూలుకి నాలుగని పక్కన కుంచెతోనే రాసి ఉంటుంది. ఇంకో బొమ్మలో కొడుకు రెండు తాటాకు విసనకర్రల్ని చక్రాలుగా పెట్టుకుని సైకిలు తొక్కుతుంటాడు. కొన్ని గీతలు, బోలెడంత తెలుపు. పండితుల కళ పిల్లల కోసం మారక్కర్లేదని, పిల్లల్ని విషయంగా తీసుకుంటే చాలని అవి చూపించాయి. అయితే ఒక తిరకాసుంది. ఆ బొమ్మలు పిల్లల గురించినవి, ఎక్కువగా పెద్దలు చదువుకునేవి. పైగా ఒక్కో బొమ్మా ఒంటరిది, కథ నడపాల్సిన బరువు దానికి లేదు.

కథ నడిపిన బరువంతా అరచేతిలో పట్టే లియాన్‌హువాన్‌హువా పుస్తకాలు మోశాయి. పేజీకి ఒక బొమ్మ, కింద రెండు మూడు వాక్యాలు. 1920ల నుంచి షాంఘై వీధుల్లో అద్దెకి దొరికేవి. మూడు రాజ్యాల యుద్ధాలు, కోతిరాజు ప్రయాణాలు, 1949 తర్వాత విప్లవ వీరుల కథలు. చెన్ తరం పెరిగింది వాటి మధ్యే. ఆయన పేజీల్లోని గళ్ల కూర్పుకి మూలం ఫ్రెంచి కామిక్స్ అని యూరప్ పాఠకులకి అనిపించొచ్చు, కానీ సగం వాటా ఈ వీధి పుస్తకాలకి ఇవ్వాల్సిందే.

సిరా బొమ్మ కదిలితే ఎలా ఉంటుందో షాంఘై యానిమేషన్ స్టూడియో 1960లోనే చేసి చూపించింది. తె వెయ్ ఆధ్వర్యంలో, ఛి బాయ్‌షి అనే సిరా చిత్రకారుడు వేసిన కప్పలూ రొయ్యలూ ఆధారంగా, తల్లిని వెతుక్కునే తోకకప్పల కథని చిన్న సినిమాగా తీశారు. అంచు గీతే లేని, తడిసి పాకిన మచ్చ ప్రతి ఫ్రేములో అదే మచ్చలా ఎలా కదలాలి? ఒక్కో జంతువుని నలుపు నుంచి లేత బూడిద వరకు వేరు వేరు పొరలుగా విడగొట్టి, కెమెరా దగ్గర మళ్లీ ఒకటిగా కలిపారు. ఎంత పని పట్టేదో ఊహించుకోవచ్చు. ఆ పద్ధతిని చాలాకాలం బయటికి పొక్కనివ్వలేదు. 1963లో వేణువు వాయించే పశువుల కాపరి కథకి లి కెరాన్ అనే మరో చిత్రకారుడు వేసిన గేదెలు ఆధారమయ్యాయి. ఆ దారి గొప్పదే గానీ, ఖర్చు భరించలేక సన్నగిల్లిపోయింది. ఒకే పాత్రని పదే పదే వేయాలన్న పాత చిక్కు అక్కడ పొరలతో తీరితే, చెన్ దగ్గర పట్టు మీది అంచు గీతతో తీరింది.

అంచు గీతతో తీరనివి మొహాలు. చెన్ మనుషుల మొహాల్లో వెలుగునీడలున్నాయి, దవడ ఎముకలు తేలి ఉంటాయి, కోపం వస్తే నొసలు ముడుస్తారు. ఇది పాత చైనా పద్ధతి కాదు. ఇరవయ్యో శతాబ్దంలో షూ బెయ్‌హోంగ్ (1895–1953) ప్యారిస్‌లో చదివొచ్చి, పాశ్చాత్య డ్రాయింగ్ రాకుండా చైనా బొమ్మ బాగుపడదని పట్టుబట్టారు. కొత్త చైనా కళాశాలల్లో ఆ వాదమే పాఠ్యప్రణాళికై కూర్చుంది. ఆ షూ బెయ్‌హోంగ్‌కి పేరు తెచ్చింది కూడా సిరాతో వేసిన గుర్రాలే. 1939లో ఠాగూర్ పిలుపు మీద శాంతినికేతన్ వచ్చి, మరుసటేడు గాంధీని చూసి బొమ్మ గీశారు. కొండల్ని తవ్విపోసే మొండి ముసలాయన కథని పెద్ద చిత్రంగా వేసింది ఇక్కడుండగానే. అందులో పారలెత్తిన కండల మనుషులకి కొందరు భారతీయులే మోడళ్లు. చైనా నీతికథలో బెంగాల్ ఒళ్లు చూస్తే కలగలుపు అనేది చెన్‌తో మొదలుకాలేదని తెలుస్తుంది. 1980లలో బీజింగ్‌లో చదివిన కుర్రాడికి సిరా కుంచె ఎంత సొంతమో బొగ్గు పెన్సిలు కూడా అంతే సొంతం.

2005 నాటి ‘పులి రాకుమారుడు’లో ఈ రెండూ బాగా అతికాయి. ఈసారి కథకి మూలం బొమ్మ కూడా కాదు, ఒక కంచు పాత్ర. ప్యారిస్‌లోని సెర్న్యుస్కీ మ్యూజియంలో ఉంది, ఆడపులి అని పేరు. షాంగ్ వంశపు చివరి కాలం, క్రీస్తుపూర్వం 11వ శతాబ్దం, ఎత్తు 35 సెంటీమీటర్లు. కూర్చున్న పులి నోరు తెరిచి ఉంది, దాని దవడల కింద ఒక చిన్న మనిషి పులిని వాటేసుకుని పక్కకి చూస్తున్నాడు. దీని జోడు పాత్ర క్యోటోలో ఉంది. పులి ఆ మనిషిని తింటోందా, కాపాడుతోందా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చని తగువు. మనిషి మొహం చూస్తే భయపడుతున్నట్టు లేదు.

చెన్ ఆ తగువుని తేల్చకుండా కథ అల్లారు. వేటగాళ్లు తన కూనల్ని చంపేయడంతో పిచ్చెత్తిన ఆడపులి ఊళ్ల మీద పడుతుంది. రాజు సైన్యాన్ని పంపబోతే, జోస్యం చెప్పే ముసలామె అడ్డుపడి, నీ కొడుకుని దానికి అప్పగిస్తేనే శాంతిస్తుందంటుంది. రాజు కొడుకు, చిన్న వెన్ ఒక్కడే అడవిలోకి నడుస్తాడు. పులి వాణ్ని నోట కరుచుకుంటుంది. ఇక్కడ పుస్తకం కంచు పాత్ర దగ్గర ఆగుతుంది. పళ్లు మెడ మీద ఉన్నాయి, నొక్కితే అయిపోతుంది. కానీ తన కూనల్ని అలాగే నోట కరుచుకుని మోసిన గుర్తు పులికి వస్తుంది. చంపే నోరూ మోసే నోరూ ఒకటేనని పిల్లలకి ఒక్క మాటా చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. మూడువేల ఏళ్ల నాటి ఆ సందిగ్ధాన్ని ఇంత సూటిగా చెప్పిన వ్యాసం ఏదైనా ఉందా అన్నది అనుమానమే. పులి చారలు వేయడంలో కుంచె పని దగ్గరగా చూడదగ్గది. ప్రతి చారా మధ్యలో లావై, కొసల్లో సన్నబడి, తడి ఆరుతూ ముగుస్తుంది. అది అక్షరాలు రాసే చెయ్యి. ఆ చారల కింద కండ ఉబ్బెత్తుగా కనబడేది మాత్రం డ్రాయింగ్ క్లాసు పుణ్యం.

2008లో వచ్చిన ‘మావో, నేను’ మరో దారిది. సాంస్కృతిక విప్లవం నడిచిన 1966–76 మధ్య ఒక ఉత్తరాది పారిశ్రామిక నగరంలో, తాతా నాన్నమ్మల దగ్గర పెరిగిన తన బాల్యం అది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, వాళ్లలో ఒకరికి చెవులు వినబడవు. తండ్రి దూరంగా ఉండాల్సొస్తుంది. పిల్లాడు ఎర్ర మఫ్లర్ కట్టుకుని మావో యువదళాల తరహాలో చిన్న ఎర్ర కాపలాదారుడవుతాడు, 1976 సెప్టెంబరులో మావో చనిపోయాడన్న వార్త వింటాడు. పట్టు, గుర్రాలు, రాకుమారులు ఇందులో లేవు. బూడిద రంగు గోడలు, కోట్లు, సైకిళ్లు, వాటి మధ్య ఎరుపు. చైనా చిత్రకళ కోసం వెతికేవాళ్లకి ఇది కాస్త నిరాశే. నిజానికి సిరా తన పని బాగా చేసింది ఇక్కడే అనొచ్చు. ఐదు రంగులూ సిరాలోనే ఉన్నాయన్న పాత మాట, రంగులన్నీ కరువైపోయిన ఊరిని చూపడానికి పనికొచ్చింది.

అభ్యంతరాలూ ఉన్నాయి, తోసిపుచ్చదగ్గవి కావు. రాకుమారులు, డ్రాగన్లు, కుంగ్‌ఫూ గురువులు, దయ్యాల్ని పట్టే జోంగ్ కుయ్ వేషం, ఇవన్నీ ప్యారిస్ పాఠకుడు చైనా నుంచి ఆశించేవే. చెన్ తొలి పుస్తకాల్లో కొన్ని ఈ సరుకు దుకాణంలా ఉంటాయి. ముసలి గురువు, కుర్ర శిష్యుడు, దుష్ట సేనాపతి మూస మళ్లీ మళ్లీ వస్తుంది. క్లోజప్‌ల మీద మోజెక్కువై, ఖాళీ వదలాల్సిన చోట కూడా నిండా కళ్లూ కోరలూ పెట్టేస్తారు. నవ్వు కూడా తక్కువే. ఫెంగ్ జికాయ్ స్టూలు బూట్ల పాటి అల్లరి ఈ పుస్తకాల్లో ఎక్కడా దొరకదు.

చైనా లోపల ఉండి ఇదే పని చేస్తున్నవాళ్ల దారులు వేరు. చాంగ్‌షాలో 1946లో పుట్టిన త్సాయ్ గావ్, నక్క దయ్యంతో పోరాడిన పిల్లాడి పాత కథని నల్లటి నేపథ్యం మీద వేసి 1993లో బ్రాటిస్లావా ద్వైవార్షిక ప్రదర్శనలో గోల్డెన్ ఆపిల్ అందుకున్నారు. ఆమెకి ఆధారం పండితుల సిరా కన్నా జానపదుల రంగు. 2024లో, పిల్లల సాహిత్యానికిచ్చే అంతర్జాతీయ పురస్కారమైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు తుది జాబితాలో ఆమె పేరుంది. 1975లో పుట్టిన షియోంగ్ లియాంగ్ 2018లో అదే జాబితాకి ఎక్కారు. పిల్లికన్నా చిన్నదైన రాతి సింహం ఒక ఊరిని కాపలా కాస్తూ, వెళ్లిపోయినవాళ్లని గుర్తుచేసుకునే కథ ఆయనది. అందులో తెలుపు చాలా ఉంది, గోల లేదు. చెన్ వదులుకున్న ఖాళీని ఆయన దగ్గర వెతుక్కోవచ్చు. ఇక అమెరికాలో ఎడ్ యంగ్ (1931–2023) ఉన్నారు, విచిత్రంగా ఆయనదీ తియాన్‌జిన్ పుట్టుకే. అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకాన్ని 1990లో తెచ్చిన తోడేలు కథలో పేజీలని మడత తెరల్లా నిలువు పలకలుగా కోశారు. ఒకే తోడేలు శరీరం పలక దాటి పలకలోకి పాకుతుంది. వాటర్‌కలరూ, పేస్టెలూ వాడిన ఆ బొమ్మల్లో చైనా ఉన్నది సరుకులో కాదు, ఎక్కడ కోయాలో తెలిసిన కూర్పులో. ఆ లెక్కన పట్టుబట్ట తప్పనిసరి ఏమీ కాదు. చెన్‌కి అది అవసరమైంది హాన్ గాన్ కథ చెప్పడానికి.

ఇంకొక్క విషయం మిగిలింది, దాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. పాత చైనా చిత్రంలో మాటా బొమ్మా ఒకే కుంచె బిడ్డలు. గుర్రం పక్కనే పద్యం, పద్యం కింద ముద్ర, ఏది రాత, ఏది గీత అని విడదీయలేం. ఫెంగ్ జికాయ్ దాకా అది సాగింది. చెన్ పుస్తకాల్లో మాత్రం ఫ్రెంచి వాక్యాలు అచ్చు అక్షరాల్లో, బొమ్మకి ఆనుకోకుండా, ఎక్కువగా దాని కింది పట్టీలో సర్దుకుని ఉంటాయి. ఇందులో లాభం ఉంది. జర్మన్‌లోకి వెళ్లినా, 2018లో న్యూయార్క్ నుంచి ‘పులి రాకుమారుడు’ ఇంగ్లిష్‌లో వచ్చినా, పట్టీలో అక్షరాలు మార్చుకుంటే సరిపోయింది, కుంచె పని జోలికి ఎవరూ వెళ్లాల్సిన పని పడలేదు. వెయ్యేళ్ల పాటు బొమ్మ లోపల ఉన్న మాట ఇక్కడ గీతకి అవతల నిలబడింది. ఇంత నమ్మకంగా పట్టు బిగించి, పటిక పూసి, తాంగ్ కాలపు తీరులో పని చేసిన చిత్రకారుడు ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేశారో ఊహించడం కష్టం కాదు. పిల్లలు ఆ పుస్తకాలని ఏ భాషలోనైనా చదువుకోవాలి కదా.